నా నాణెం, ఇంకొకరి ట్రేలో

రాత్రి పడుకునే ముందు నాణేల డీలర్ల కొత్త స్టాకు చూడటం నాకు పాత అలవాటు. కొనేది ఏమీ ఉండదు, ఊరికే ఫోన్ మీద వేలితో తోసుకుంటూ పోతాను. ఆ రోజు కూడా అలాగే పోతూ ఒక చోట ఆగిపోయాను. ఫాస్టీనా మహారాణి బొమ్మ ఉన్న రోమన్ వెండి నాణెం, దెనారియస్. కింద రాసింది చదవకముందే తెలిసిపోయింది. గడియారంలో రెండు అంకె ఉండే చోట అంచు మీద చిన్న చీలిక. తలపైన చుట్టిన జడల మధ్య గోధుమరంగు మచ్చ. అది నాదే. సరిగ్గా చెప్పాలంటే, నాలుగు నెలల కిందటి దాకా నాది.

తర్వాత ధర చూశాను. నాకు ముట్టినదానికి దాదాపు రెట్టింపు.

ఆ క్షణంలో కడుపులో తిప్పినట్టయిందే, అదేమిటో తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. కోపమా అంటే డీలర్ నన్ను మోసం చేయలేదు. ధర అడిగాడు, చెప్పాను, బేరం లేకుండా డబ్బు పంపాడు. పోనీ డబ్బు మీద బెంగా అంటే, ఆ తేడా వల్ల నా జీవితంలో మారేది ఏమీ లేదు. అయినా ఆ రాత్రి ఆ పేజీని ఐదారుసార్లు తెరిచి చూశాను.

నాణేలు సేకరించేవాళ్ళని ఎవరిని కదిపినా ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. చెప్పేటప్పుడు మాత్రం మూడు రకాలుగా చెబుతారు. కొందరు "ముంచేశాడు" అంటారు. కొందరు "అమ్మకుండా ఉండాల్సింది" అంటారు. ఇంకొందరు ఫోటో చూపించి, "నా దగ్గర ఉన్నప్పుడు ఇది ఇంత బాగుందా?" అని అడుగుతారు. బయటికి మూడూ ఒకే ఏడుపులా వినిపిస్తాయి కానీ మూడింటి మూలాలు వేరు. మొదటిది డబ్బు గురించి, రెండోది సొంతం అనే భావన గురించి, మూడోది మన కన్ను మీద మనకున్న నమ్మకం గురించి. వీటిని కలిపేసి ఒకే ముద్దగా మింగడానికి ప్రయత్నిస్తాం కాబట్టే గొంతులో అడ్డం పడుతుంది.

అసలు గుర్తుపట్టడం ఎలా?

బయటివాళ్ళకు వచ్చే మొదటి అనుమానం ఇదే. ఒకే బొమ్మతో వేలకు వేలు తయారైన వాటిలో నీది ఏదో నీకెలా తెలుసు అంటారు.

పాత నాణేల విషయంలో ఇది చాలా తేలిక. రోమన్ల కాలంలో ప్రతి నాణేన్నీ చేత్తోనే కొట్టేవాళ్ళు. కింద ఒక అచ్చు, మధ్యలో వెండి బిళ్ళ, పైన ఇంకో అచ్చు, దాని మీద సుత్తి దెబ్బ. బిళ్ళ కొంచెం పక్కకు జరిగితే బొమ్మ పక్కకు పోతుంది, దెబ్బ గట్టిగా పడితే అంచు చీలుతుంది. అందుకే ఒకే అచ్చుల జతతో కొట్టిన రెండు నాణేలు కూడా అచ్చం ఒకేలా ఉండవు. నా ఫాస్టీనా అరుదైనదేం కాదు. ఆమె క్రీ.శ. 140 ప్రాంతంలో చనిపోతే, భర్త ఆంటొనైనస్ పయస్ చక్రవర్తి ఆమెను దేవతగా ప్రకటింపజేసి, ఆమె పేరు మీద గుట్టలు గుట్టలుగా నాణేలు కొట్టించాడు. ముందువైపు దివా ఫాస్టీనా అని, వెనకవైపు చాలావాటి మీద ఏటెర్నిటాస్ అని ఉంటుంది. శాశ్వతత్వం అని అర్థం. నా దగ్గర తొమ్మిదేళ్ళు ఉంది ఆ శాశ్వతత్వం. అలాంటివి మార్కెట్లో ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి, కానీ ఆ చీలిక, ఆ మచ్చ ఉన్నది ఒక్కటే.

యంత్రం మీద తయారైన నాణేలకూ వేలిముద్రలు ఉంటాయి. సంచుల్లో ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు పడే గీతలు, గాలి తగిలి వెండి మీద పట్టే రంగు, ఏ రెండింటికీ ఒకేలా రావు. దానికి తోడు గ్రేడింగ్ కంపెనీలు వచ్చాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ మొదలై, నాణేన్ని పరీక్షించి, ఎంత బాగుందో చెప్పే గ్రేడ్ ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, దాని మీద ఒక నంబరు ముద్రించడం మామూలు చేశాయి. స్లాబ్ అంటారు దాన్ని. నంబరు గుర్తుంటే చాలు, నాణెం ఎక్కడ తేలినా పట్టేయొచ్చు.

ఈ ఫోటోలు, నంబర్లు లేని రోజుల్లో అమ్మిన నాణెం అమ్మినట్టే మాయమయ్యేది. డీలర్ దాన్ని ఎవరికిచ్చాడో, ఎంతకిచ్చాడో అమ్మినవాడికి తెలిసే దారే లేదు. ఏ ప్రదర్శనలోనో అద్దాల పెట్టె కింద ఎదురైతే తప్ప. ఇప్పుడు ప్రతి డీలరూ ప్రతి నాణేన్నీ రెండువైపులా పెద్దది చేసి ఫోటో పెడుతున్నాడు, వేలం సంస్థలు పాత అమ్మకాల రికార్డులన్నీ తెరిచి ఉంచుతున్నాయి. విడిపోయినవాళ్ళ ఫోటోలు ఫోన్‌లో రోజూ కనపడుతుంటే మరిచిపోవడం ఎంత కష్టమో ఇదీ అంతే. మాయమైన దాని గురించి మనసు కొన్నాళ్ళకు ఊరుకుంటుంది. కళ్ళ ముందు, పైగా ధర చీటీతో తిరుగుతున్న దాన్ని మాత్రం వదలదు.

రెట్టింపు ఎక్కడికి పోయింది

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే లెక్క వేస్తే ఇది కొంచెం చల్లబడుతుంది.

ఒక నాణేన్ని డీలర్ 100కి కొని 180కి పెట్టాడనుకుందాం. మన బుర్ర వెంటనే 80 లాభం అని రాసుకుంటుంది. కానీ 180 అనేది అతను అడుగుతున్న ధర, ఇంకా చేతికి రాలేదు. తెలిసిన కొనుగోలుదారు వస్తే పదో పదిహేనో తగ్గిస్తాడు. ఫోటోకి, గ్రేడింగ్ ఫీజుకి, ప్రదర్శనల్లో టేబుల్ అద్దెకి, ఇన్సూరెన్స్‌కి, వాపసు వచ్చే వాటికి కొంత పోతుంది. నకిలీది ఒకటి పొరపాటున కొంటే పది నాణేల లాభం అక్కడే తుడిచిపెట్టుకుపోతుంది. వీటన్నిటికంటే పెద్ద ఖర్చు ఇంకోటి ఉంది, అది ఏ బిల్లులోనూ కనపడదు. అదే ఎదురుచూపు. ఆ 100 అతని దగ్గర ఎన్నాళ్ళు ఇరుక్కుపోతుందో అతనికే తెలియదు. వారంలో పోవచ్చు, మూడేళ్ళు ట్రేలోనే ఉండొచ్చు.

నేను అమ్మిన రోజు నాకు కావలసింది ఏమిటో గుర్తు చేసుకుంటే ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నాకు ఆ వారంలో డబ్బు కావాలి. ఫోటోలు తీసి, కొనేవాళ్ళని వెతికి, "చివరి ధర చెప్పండి" అనే మెసేజ్‌లకు జవాబిచ్చే ఓపిక లేదు. ఒక్క ఫోన్‌తో పని అయిపోవాలి. అయిపోయింది. ఆ రెండు ధరల మధ్య తేడాలో చాలా భాగం నేను పడకుండా తప్పించుకున్న ఎదురుచూపుకి అద్దె. అప్పుడు సంతోషంగానే కట్టాను. నాలుగు నెలల తర్వాత ఎవరో బిల్లు చూపిస్తే గుండె పట్టుకున్నాను.

వేలంలో పెడితే ఈ గొడవ ఉండదు కదా అంటారు. ఉంటుంది, కాకపోతే దాన్ని చూసే పద్ధతి మారుతుంది. వేలంలో సుత్తి 100 దగ్గర పడిందనుకోండి. పెద్ద వేలం సంస్థల్లో కొనేవాడు దాని మీద 20 శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే, అదనంగా కడతాడు. అంటే 120. అమ్మేవాడి దగ్గర 10 శాతం కమీషన్ పట్టుకున్నారనుకుంటే అతని చేతికి వచ్చేది 90. మధ్యలో డీలరే లేడు, అయినా తేడా 30. ఆశ్చర్యం ఏమిటంటే ఈ 30 గురించి ఎవరూ నిద్ర పోగొట్టుకోరు. నలుగురి ముందు, నిబంధనల ప్రకారం పోయిన డబ్బు మనల్ని పెద్దగా బాధించదు. ఒక మనిషి జేబులోకి పోయినట్టు కనిపించేదే మండిస్తుంది. వేలంలో అమ్మిన నాణెం మళ్ళీ ఏదో డీలర్ దగ్గర కనిపిస్తే, ఎంత పెట్టాడో చూసి నవ్వుకునేవాళ్ళని కూడా చూశాను. అదే మనిషి అదే డీలర్‌కి నేరుగా అమ్మి ఉంటే ఆ రాత్రి నవ్వేవాడు కాదు.

ఇంకో సంగతి. పెట్టిన ధర వచ్చిన ధర కాదని పెద్దవాళ్ళకూ అనుభవమే. 1794 నాటి అమెరికన్ వెండి డాలర్లలో అత్యుత్తమమైనది ఒకటి 2013 వేలంలో కోటి డాలర్లు దాటి పోయింది. అప్పట్లో అది ప్రపంచ రికార్డు. 2020 అక్టోబరులో దాన్ని మళ్ళీ వేలానికి పెడితే రిజర్వ్ ధర, అంటే అమ్మేవాడు పెట్టుకున్న కనీస ధర, అందక ఆ రోజు అమ్ముడుపోలేదు. మన నాణెం మీద డీలర్ తగిలించిన చీటీ కూడా అంతే, అతని కోరిక. మనం దాన్ని మన నష్టంగా చదువుకుంటాం.

ఇదంతా చెప్పుకున్నాక కూడా కొన్ని కేసుల్లో కోపం న్యాయమే. "ఇది మామూలుదే, దీనికేం రాదు" అని తీసుకుని, అదే నాణేన్ని వారం తిరక్కుండా "అరుదైన రకం" అని పెడితే అది మార్జిన్ కిందికి రాదు. ధర మీరే చెప్పి, అతను సరే అనడం వేరు. "మీకే తెలుసు, మీరే చెప్పండి" అని అతని చేతిలో పెట్టాక తక్కువ చేసి చెప్పడం వేరు. మొదటి దాంట్లో అతను కొనేవాడు మాత్రమే. రెండో దాంట్లో మనం అతన్ని నిపుణుడిగా నమ్మాం. నా దృష్టిలో గీత సరిగ్గా అక్కడే ఉంది. ఎంత శాతం లాభం తీశాడన్నది దానికి సంబంధం లేని సంగతి.

కప్పులు, కార్డులు

లెక్క సరిపోయింది. మరి కడుపులో తిప్పడం ఎందుకు ఆగలేదు?

ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో ఒక విషయానికి "ఎండోమెంట్ ఎఫెక్ట్" అని పేరు పెట్టాడు. చేతిలో లేనప్పుడు ఒక వస్తువుకి మనం ఇచ్చే విలువ ఒకటి, అదే వస్తువు మనదయ్యాక ఇచ్చే విలువ ఇంకొకటి. తర్వాత డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్‌లతో కలిసి 1990లో అచ్చయిన ప్రయోగాల్లో విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి, మిగతా సగంతో బేరం పెట్టించారు. కప్పు దొరికి ఎంతోసేపు కాలేదు, దాంతో ఏ జ్ఞాపకమూ లేదు. అయినా కప్పు ఉన్నవాళ్ళు అడిగిన ధర, లేనివాళ్ళు ఇస్తామన్నదానికి సుమారు రెండింతలు ఉంది. కాసేపు చేతిలో ఉన్న కప్పుకే ఇంత మమకారం పుడితే, తొమ్మిదేళ్ళు చలికాలం రాత్రుల్లో దీపం కింద తిప్పి తిప్పి చూసిన నాణెం సంగతి వేరే చెప్పాలా?

మన విషయానికి ఇంకా దగ్గరగా వచ్చే ప్రయోగం జాన్ లిస్ట్ చేశాడు, 2003లో అచ్చయింది. ఆటగాళ్ళ కార్డులు అమ్ముకునే ప్రదర్శనకు వెళ్ళి, వచ్చినవాళ్ళకి ఒక జ్ఞాపిక ఇచ్చి, కావాలంటే దాదాపు అదే విలువున్న ఇంకో దానితో మార్చుకోవచ్చన్నాడు. మామూలు సేకర్తల్లో ఎక్కువమంది చేతికి వచ్చిందే ఉంచుకున్నారు. డీలర్లలో దాదాపు సగం మంది మార్చుకున్నారు. రోజూ కొని అమ్మేవాళ్ళకి చేతిలో ఉన్నది "నాది"గా అతుక్కోదు.

ఇది చదివాక నాకు ఒక పాత ముడి విడిపోయింది. డీలర్‌తో మాట్లాడేటప్పుడు ఇద్దరం ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, కానీ కాదు. అతనికి అది స్టాకు. "మీ నాణెం భలే పోయింది సార్" అని అతను ఉత్సాహంగా చెబుతాడు, మంచి వార్త చెప్పానన్న భావంతో. అవతల మన మొహం ఎందుకు మాడిపోయిందో అతనికి అర్థం కాదు. అతను మొరటు మనిషి అయ్యుండక్కర్లేదు. ఆ నరం అతనిలో వాడుక వల్ల మొద్దుబారింది, అంతే. సేకర్తగా మొదలై డీలర్‌గా మారినవాళ్ళు కొందరు, మొదట్లో అమ్మిన ఒకటి రెండు నాణేల పేర్లు ఇప్పటికీ చెబుతారు. ఆ తర్వాత అమ్మిన వాటిలో ఒక్కటీ గుర్తుండదు వాళ్ళకి.

ఇంతకీ, మామూలు పశ్చాత్తాపానికి మందు కాలమే. ఉద్యోగం వదిలేశాక అక్కడే ఉంటే ఏమయ్యేదో మనకు కనపడదు, ఊహించుకుని ఊరుకుంటాం. అమ్మిన నాణెం ఇంకో దారి. "అమ్మకపోతే ఏమయ్యేది" అన్న ప్రశ్నకు జవాబు ఫోటోతో సహా, ధరతో సహా ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

అతని కంటికి కనిపించిందేమిటి

మూడో రకం బాధ సేకర్తలు బయటికి ఒప్పుకోరు. ఎందుకంటే ఇందులో పోయేది పరువు, అదీ మన ముందు మనకే.

నాణేల గ్రేడింగ్‌కి ఇప్పుడు వాడే 70 పాయింట్ల కొలబద్దకు మూలం విలియం షెల్డన్ 1949లో అమెరికన్ పెద్ద సెంట్ల కోసం, అంటే పాతకాలపు పెద్ద రాగి నాణేల కోసం, వేసిన పట్టిక. ఆ 70లో పైమెట్లు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. 64కీ 65కీ తేడా మామూలు కంటికి ఆనదు, ధరలో మాత్రం కొన్నిసార్లు రెట్టింపు దాటుతుంది. మనం 64 స్లాబ్‌లో అమ్మిన నాణెం, కొన్ని నెలల తర్వాత 65 స్లాబ్‌లో కనిపిస్తుంది. డీలర్ పాత డబ్బా పగలగొట్టి, మళ్ళీ గ్రేడింగ్‌కి పంపి, అదృష్టం పరీక్షించుకున్నాడన్నమాట. ఇది ఈ వ్యాపారంలో దాపరికం లేని పనే. గ్రేడ్ పెరగకుండా ఫీజు వృథా అయినవి మనకు కనపడవు. పెరిగినవే కనిపిస్తాయి, పైగా మనదే పెరిగినట్టు కనిపిస్తుంది.

అచ్చు తేడాలది ఇంకా గట్టి దెబ్బ. అమెరికాలో 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల కొట్టిన సెంట్లు కోట్లలో ఉన్నాయి, వాటికి పెద్ద విలువ లేదు. వాటిలోనే అతి కొన్నిటి మీద అచ్చులోని పొరపాటు వల్ల అక్షరాలు జంటగా పడ్డాయి. అది దొరికినవాడి అదృష్టం పండినట్టే. అలాంటిది పది కాసుల కుప్పలో కలిపి అమ్మేసినవాడు తర్వాత దాన్ని విడిగా, పేరు పెట్టి, పెద్దది చేసిన ఫోటోతో చూస్తే ఎలా ఉంటుంది? డబ్బు పోయిందని ఏడుస్తాడు కానీ లోపల కొరికేది వేరు. ఏళ్ళ తరబడి నా చేతిలోనే ఉంది, భూతద్దం కూడా నా దగ్గరే ఉంది, నేను చూడలేదు. సేకర్త తన గురించి తాను చెప్పుకునే కథలో మొదటి వాక్యం "నాకు చూపు ఉంది" అన్నదే. దాని మీద గీత పడుతుంది.

దీనికి తిరగేసినది కూడా ఉంది. నాకు తెలిసిన ఒకాయన ఇరవై ఏళ్ళు కాగితం కవరులో ఉంచిన వెండి నాణేనికి అంచుల దగ్గర నీలం, లోపలికి వచ్చేకొద్దీ పాత బంగారం రంగు పట్టింది. ఆయన దాన్ని ఆ రంగు కోసమే ప్రేమించాడు. అమ్మిన రెండు నెలలకు అది డీలర్ దగ్గర తెల్లగా, కడిగిన గిన్నెలా మెరుస్తూ కనిపించింది. పలచని ఆమ్ల ద్రావణంలో ఒక్క ముంచు ముంచితే చాలు, పైపొరతో పాటు ఆ రంగంతా పోతుంది, మళ్ళీ రాదు. "గుండు గీశారు నా పిల్లకి" అన్నాడాయన. నాకు నవ్వు రాలేదు. ధర రెట్టింపైతే ఎప్పటికో సర్దుకుంటాం, ఇది మాత్రం సర్దుకునేది కాదు. చట్టం ప్రకారం ఆయనకు అడిగే హక్కు లేదు. అమ్మేశాక కొన్నవాడి ఇష్టం. కానీ ఈ రంగంలో ఎవరి బాధైనా సబబే అని నేను ఒప్పుకునేది ఉంటే మొదట ఇదే.

మన నాణెం గురించి ఇంకొకరి మాటలు

నా ఫాస్టీనా దగ్గరికి మళ్ళీ వస్తే, ధర కంటే నన్ను ఎక్కువసేపు ఆపింది ఫోటో కింద ఉన్న రెండు వాక్యాలు. "అంచున చీలిక. లేకపోతే తన రకంలో మంచి నమూనా." అంతే.

తప్పేం లేదు అందులో. చీలిక ఉన్నమాట నిజమే, చెప్పకపోతేనే తప్పు. కానీ ఆ చీలిక నాకు లోపంగా ఎప్పుడూ కనపడలేదు. సుత్తి పట్టుకున్నవాడి చెయ్యి ఆ రోజు కొంచెం గట్టిగా పడిందని చెప్పే గుర్తు అది. వచ్చినవాళ్ళకి మొదట అదే చూపించేవాణ్ణి. మన వస్తువులు మన "నేను"లో భాగమైపోతాయని వినియోగదారుల మీద పరిశోధన చేసిన రస్సెల్ బెల్క్ 1988లో వాదించాడు. అది ఎంత నిజమో ఆ రెండు వాక్యాలు చదివినప్పుడు తెలిసింది. పరిచయం లేని మనిషి నా గురించి "ఎడమ కన్ను కొంచెం మెల్ల, మిగతా ఫరవాలేదు" అని రాసినట్టు అనిపించింది.

ఇంకోటి కూడా లేదు అందులో. ఎక్కడి నుంచి వచ్చిందన్న మాట. నాణెం ఎవరి చేతులు మారి వచ్చిందో చెప్పే చరిత్రకు ఈ రంగంలో చాలా విలువ. పాత నాణేల్లో అయితే అది వట్టి ముచ్చట కాదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది. ఆ ఏడాదికి ముందే ఎవరి సేకరణలోనో ఉందని చూపగలిగే నాణేలకు ఇప్పుడు గిరాకీ వేరు. పాత చీటీ ఒకటి, పాత వేలం కేటలాగులో ఫోటో ఒకటి, ఇవే నాణేనికి గుర్తింపు కాగితాలు. చేతులు మారినప్పుడల్లా ఇవి రాలిపోతుంటాయి. డీలర్ ఎక్కడ కొన్నాడో చెప్పుకోవడానికి ఇష్టపడడు, అమ్మినవాడు తన పేరు బయటికి రావడానికి ఇష్టపడడు, ఇద్దరి మధ్యా నాణెం అనాథ అవుతుంది.

పేరు నిలబడినవాళ్ళు కొద్దిమంది. లూయిస్ ఎలియాస్‌బర్గ్ 1950 నాటికి అమెరికన్ నాణేల్లో అప్పటికి తెలిసిన ప్రతి తేదీ, ప్రతి టంకశాల గుర్తు ఉన్నవాటిని ఒక్క చోటికి చేర్చాడు. ఐదే ఐదు ఉన్న 1913 లిబర్టీ నికెల్ అనే ఐదు సెంట్ల నాణేల్లో ఆయన దగ్గరున్నది ఆయన పోయిన ఇరవై ఏళ్ళకి, 1996లో, పది లక్షల డాలర్లు దాటిన మొదటి నాణెం అయింది. ఎన్ని చేతులు మారినా ఇప్పటికీ దాన్ని ఎలియాస్‌బర్గ్ నాణెం అనే అంటారు. ఈజిప్టు రాజు ఫరూక్‌ది ఇంకో కథ. 1952లో గద్దె పోయింది, ఆయన దేశం వదిలి వెళ్ళాడు, 1954లో కైరోలో ఆయన నాణేల సేకరణని కొత్త ప్రభుత్వం వేలం వేయించింది. అమ్మాలా వద్దా అని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు, పైసా రాలేదు. అయినా ఆ నాణేలు ఇవాళ ఏ వేలంలోకి వచ్చినా ఫరూక్ పేరు ముందు వేసుకునే వస్తాయి. మనలాంటి మామూలు సేకర్తలకు ఈ రెండు భాగ్యాల్లో ఏదీ లేదు. మనం పెట్టిన చీలిక కథ, మచ్చ కథ మనతోనే ఆగిపోతాయి.

అమ్ముడుపోకపోతే

నా నాణెం వెంటనే పోతుందనుకున్నాను. పోలేదు. నెల అయింది, రెండు నెలలైంది. రోజూ చూసేవాణ్ణి. మొదటి వారాల్లో, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, సంతోషించాను. రెట్టింపు పెడితే ఎవడు కొంటాడు, అలాగే కూర్చో అనుకున్నాను. మూడో నెలలో డీలర్ ధర కొంచెం తగ్గించాడు. అప్పుడు మాత్రం సంతోషం రాలేదు. ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉందే అని దాని మీదే జాలి కలిగింది. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన అమ్మాయి తరఫు మనిషిలా తయారయ్యాను. ఎక్కువకు పోతే నన్ను ముంచినట్టు, పోకపోతే నన్ను అవమానించినట్టు. ఏం జరిగినా బాధపడటానికే సిద్ధంగా ఉన్నవాడి బాధలో డబ్బు వాటా ఎంతో అప్పుడే నాకు తెలిసింది.

తిరిగి కొనేద్దామా అనుకున్నాను కూడా. అలా కొన్నవాళ్ళు ఉన్నారు. కొన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చెప్పింది ఒకటే, ఇంటికి వచ్చాక అది పాత నాణెంలా అనిపించలేదని. మొదటిసారి కొన్నప్పుడు వెతుకులాట ఉంది, దొరికిన సంబరం ఉంది. రెండోసారి కొన్నది ఆ నాణేన్ని కాదు, అమ్మిన తప్పుని. కొందరైతే ఇంకో ఏడాదికి దాన్నే మళ్ళీ అమ్మేశారు, ఈసారి ఏ బాధా లేకుండా. నేను బుట్టలో వేసి, చెల్లింపు దాకా వెళ్ళి, ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ వారమే సొరుగు సర్దుతుంటే ట్రే అడుగున అతుక్కుని చిన్న చదరపు చీటీ బయటపడింది. అట్టలాంటి పాత కాగితం, పసుపు తేలింది. ఎవరిదో తెలియని వంపు రాత, సిరా గోధుమ రంగుకి మారింది. ఫాస్టీనా పేరు, బరువు, కింద కొన్న సంవత్సరం, 1962. నేను కొన్నప్పుడు నాణెంతో పాటు వచ్చిన చీటీ అది. అమ్మినప్పుడు ఇవ్వడం మరిచిపోయాను. మూడు నెలలుగా నాణేన్ని అనాథ చేశాడని నేను తిట్టుకున్నది డీలర్‌ని. కాగితాలు నా సొరుగులో ఉన్నాయి.

కవరులో పెట్టి అతనికి పోస్ట్ చేశాను, డబ్బేమీ అడగలేదు. వారం తర్వాత ఆ పేజీ తెరిస్తే రెండు వాక్యాల కింద మూడోది చేరింది. "పాత సేకరణ నుంచి, 1962 నాటి చేతిరాత చీటీతో." చీటీ ఫోటో కూడా పక్కనే పెట్టాడు.

తగ్గించిన ధరని మళ్ళీ పెంచేశాడు.